ఆ పొక్క మేస్త్రీది కాదు

మా చక్కెర ఫ్యాక్టరీ మెయింటెనెన్సు సెక్షన్లో చేరిన ప్రతి కొత్తవాడికీ మొదటి వారంలో మూడు సంగతులు చెబుతారు. బాయిలరు దగ్గర బీడీ ముట్టించవద్దు. స్టోర్ కీపర్ చాయ తాగకముందు ఏ సామానూ అడగవద్దు. మూడోది, గెస్ట్ హౌస్ తహఖానాలో, అంటే నేలమాళిగలో, ఒక ముసలి మేస్త్రీ తెలివితక్కువగా గొట్టం బిగించడం వల్ల కింది పాయఖానా గాలి పైన భోజనాల గదిలోకి వచ్చిన కథ. మొదటి రెండూ నిజాలు. మూడోదాంట్లో గాలి నిజం, భోజనాల గది నిజం, మేస్త్రీ మాత్రం అబద్ధం. ఆ తెలివితక్కువతనం నాది.

ఈ కథ మీకెవరు చెప్పారో, వాళ్ళకెవరు చెప్పారో పట్టుకుంటూ వెనక్కి పోతే ఆఖరుకు క్యాంటీన్ మూల బెంచీ మీద కూర్చున్న నా దగ్గరికే చేరతారు. దాన్ని పుట్టించింది నేనే. బాగా చెప్పేవాణ్ణి కూడా. మేస్త్రీలా నడుం మీద చెయ్యి పెట్టుకొని, గడ్డం నిమురుకుంటూ, ఆయన ఎన్నడూ అనని మాటలు ఆయన గొంతుతో అనేవాణ్ణి. వినేవాళ్ళ చేతుల్లో చాయ ఒలికిపోయేది. పదిహేడేళ్ళు చెప్పాను. ఇప్పుడు అదే సంగతి జరిగినట్టుగా చెబుతున్నాను. అంత నవ్వు రాకపోతే మన్నించాలి.

రాష్ట్రాలు కలిసి మూడు నాలుగేళ్ళయిన రోజులు. నాది జక్రాన్‌పల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. పసుపు తవ్వడం తప్పించుకోవడానికి కరెంటు పని నేర్చుకొని, సర్టిఫికెట్ తెచ్చుకొని, బోధన్ వైపు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. ఆ సర్టిఫికెట్‌ను అద్దం కట్టించి గోడకు తగిలించాను. మా బాపు ఊరినుంచి వచ్చినప్పుడు దాన్ని చాలాసేపు చూసి, ఇందులో దేవుడెక్కడున్నడురా అని అడిగాడు.

ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్ పాతకాలపు బంగ్లా. రెండున్నర అడుగుల రాతిగోడలు, కింద తహఖానా. పద్నాలుగు మెట్లు దిగితే ఏప్రిల్ నెలలో కూడా కుండలో కూర్చున్నట్టుండేది. కంపెనీ పెద్ద అధికారి ప్రతి ఏడూ చెరుకు క్రషింగ్ ముగిసే ముందు హైదరాబాదు నుంచి వచ్చి అక్కడే దిగేవాడు. ఆయన్ని ఎదురుగా సార్ అనీ, వెనక పెద్దదొర అనీ అనేవాళ్ళం. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. తహఖానా చల్లదనం కావాలి, కానీ స్నానానికీ మిగతావాటికీ పద్నాలుగు మెట్లు ఎక్కలేడు. అందుకని ఆ ఏడు తహఖానాలోనే స్నానాల గది కట్టాలని హుకుం వచ్చింది.

కట్టారు. బంగ్లా వెనక నేల కాలువ వైపు పల్లం కాబట్టి నీళ్ళకు దారి దొరికింది. గాలికి దొరకలేదు. కిటికీ లేని గది. వేణ్ణీళ్ళ ఆవిరి ఎటూ పోదు. ఆవిరితో పాటు ఇంకోటి కూడా ఎటూ పోదు. దాన్ని ఆఫీసు కాగితాల్లో దుర్గంధం అని రాశారు. మా సెక్షన్లో వేరే మాట వాడేవాళ్ళం.

దానికి విరుగుడుగా హైదరాబాదు నుంచి చెక్కపెట్టెలో, ఊకలో పండుకొని, ఎగ్జాస్టు ఫ్యాను వచ్చింది. మా వైపు అటువంటిది రావడం అదే మొదలు. పెళ్ళికొడుకును చూసినట్టు అందరూ వచ్చి చూసిపోయారు. గెస్ట్ హౌస్ వంటాయన దాని చుట్టూ తిరిగి, “ఇది గాలి ఇయ్యదా? గుంజుకునుడేనా? గంతదానికి పట్నం నుంచి తెచ్చుడెందుకు, మన స్టోర్ కీపర్‌ను ఆడ కూసోవెడ్తె సాలదా?” అన్నాడు.

గాలి గుంజే ఫ్యానుకు, గుంజిన గాలిని బయట వదిలే దారి కావాలి. ఇక్కడ పేచీ వచ్చింది. ఫ్యాను ఎలక్ట్రికల్ సెక్షన్‌ది, గోడ సివిల్ సెక్షన్‌ది. ఫ్యాను దాటి, గోడ బయటపడేలోపల ఉండే గాలి ఎవరిది? రెండు సెక్షన్ల మధ్య కాగితాలు మూడు రోజులు తిరిగాయి. చివరికి కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మా ఇంజనీరుగారు విసిగిపోయి, కన్నం సివిల్ మేస్త్రీ కొట్టాలి, గొట్టం, ఫ్యాను నేను బిగించాలి, మొత్తం మీద అజమాయిషీ సర్టిఫికెట్ ఉన్నవాడిది అని తేల్చారు. అంటే చెమట ఇద్దరిదీ, మాట నాది.

మేస్త్రీ బోధన్ మనిషి. తాతల కాలం నుంచి సున్నం, రాయి పని చేసిన ఇల్లు. అప్పటికే యాభై దాటాయి. మనిషి పొట్టి, నాలుక పొడుగు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన నన్ను పటేల్ అని పిలిచేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, ఎకసెక్కెం ఎంతో నాకెప్పుడూ అంతుపట్టలేదు. పన్నెండేళ్ళుగా ఆయన సీజను మనిషి. చిమ్నీలో పొగ ఉన్నన్ని రోజులే పని. పొగ ఆగితే ఇంటికి. పర్మనెంటు వాళ్ళ ఇళ్ళవాళ్ళకు మాత్రం ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ దవాఖాన ఉండేది. ఉస్తాద్ భార్యకు దమ్ము జబ్బు, అంటే ఆయాసం. అది సీజను చూసుకొని వచ్చేది కాదు. మిగతా నెలల్లో ఆమెను బస్సులో నిజామాబాదు తీసుకుపోయేవాడు. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఆయన కండక్టర్లతో చేసిన యుద్ధాలు ఆ రూటులో పేరుపడ్డాయి.

ఇంజనీరుగారు ఆయనకు మాట ఇచ్చారు. ఈ పని దొరవారికి నచ్చితే వచ్చే నెల పర్మనెంటు లిస్టులో నీ పేరు ఉంటుంది అని. ఆ మాట నా ఎదుటే అన్నారు. కాబట్టి నాకు తెలియదని చెప్పడానికి లేదు.

మొదటి రోజు ఉస్తాద్ తహఖానాలో వెదురుబద్దతో కొలిచాడు, బయటికి పోయి వెనక గోడ దగ్గర మళ్ళీ కొలిచాడు. మోకాలి ఎత్తున బొగ్గుతో గుండ్రంగా గీత గీశాడు.

“ఈడ పొక్క పొడుస్త. గొట్టం లోపలికెల్లి బయటికి జర వాలు వెట్టాలె. ఆవిరి నీళ్ళయితది గద, అవి బయటనే కారాలె. వాన లోపలికి రావద్దు. మూతికి రేకు టోపి, తీగెల జాలి. మూడు దినాలు.”

“దొర ఎల్లుండి వస్తున్నడు ఉస్తాద్.”

“గోడ దొరను ఎర్కపట్టది పటేల్. మూడు దినాలంటె మూడు దినాలే.”

అప్పుడే నా కంటికి ఆ గూడు కనపడింది. తహఖానా గోడలో, ఇంచుమించు ఫ్యాను పెట్టాల్సిన చోటే, చదరపు గూడు. లోపల తల పెట్టి చూస్తే గోడ మధ్యలో పైకిపోయే సందు. పాతకాలం వాళ్ళు గాలి కోసం కట్టుకున్న దారి. మేడ మీద చూస్తే ఆ దారి మూతుల్లా మూడు చిన్న బురుజుల్లాంటివి ఉండనే ఉన్నాయి. ఇంకేం? గోడ పగలగొట్టే పనే లేదు. రేకు గొట్టం ఆ గూట్లో దూర్చి చుట్టూ సున్నం పూస్తే సరి. రెండు గంటల పని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శాస్త్రం ప్రకారం పరీక్ష కూడా చేశాను. ఇనుప మూకుట్లో చెరుకు పిప్పి వేసి అంటించి గూట్లో పెట్టాను. పొగ చక్కగా పైకి లాక్కుపోయింది. గెస్ట్ హౌస్ వాచ్‌మన్‌ను మేడమీదికి తోలి, మెట్ల దగ్గర నిలబడి, పొగ కనపడుతుందా అని కేకేశాను.

“మస్తు కనవడ్తుంది పటేలా. ఎటు సూస్తె అటు పొగనే.”

చక్కెర ఫ్యాక్టరీ ఊళ్ళో, క్రషింగ్ నడుస్తుండగా, మేడ మీద నిలబడ్డ మనిషిని పొగ కనపడుతుందా అని అడిగిన సర్టిఫికెట్ హోల్డరును నేనొక్కణ్ణే. అక్కడినుంచి ఫ్యాక్టరీ చిమ్నీ కనపడుతుంది, బెల్లం గానుగలు కనపడతాయి, కాళ్ళ కిందే బంగ్లా వంటింటి పొగగొట్టం. వాచ్‌మన్ అబద్ధం చెప్పలేదు. వంటాయన ఆ పూట భోజనాల గదిలో ఏదో పొగవాసన వస్తుందని గొణిగాడు కూడా. ఆ గదికి సున్నం వేస్తున్న కూలీల బీడీల మీదికి నెట్టేశాం.

ఉస్తాద్ ఒప్పుకోలేదు. “పొగ పోయింది, సరె. ఏడ తేలింది, నువ్వు సూసినవా? మీదికెల్లి సుతిలికి రాయి కట్టి ఇడుస్త. కిందికొస్తె నీ మాట నిజం. బంగ్లా నక్ష ఉంటె అదన్న తెప్పియ్యి. అవతలి మొగం సూడని పొక్కకు నేను గొట్టం పెట్ట.”

నక్ష, అంటే బంగ్లా ప్లాను, స్టోర్ కీపర్ దగ్గర ఉంది. స్టోర్ కీపర్ సెలవులో ఉన్నాడు. దారం వదలడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నా దగ్గర లేక కాదు. ఒక సీజను మేస్త్రీ చెబితే నేను చెయ్యడమేమిటని.

“ఉస్తాద్, సర్టిఫికెట్ నా తాన ఉందా, నీ తాన ఉందా?”

“నీ తాననే ఉంది. గోడకు సదువు రాదు గద పటేల్, దానికెట్ల సూపిస్తవు?”

పక్కనున్న కూలీలు నవ్వారు. ఆ నవ్వు లేకుంటే ఏమయ్యేదో చెప్పలేను. ఇంకో మెట్టు దిగిపోయాను. దొర వచ్చేలోపల పని కాకపోతే, ఆలస్యం మేస్త్రీదే అని ఇంజనీరుగారికి చెబుతాననీ, అప్పుడు పర్మనెంటు లిస్టు సంగతి ఆయనే చూసుకోవాలనీ అన్నాను. అన్నది మెల్లగానే. ఉస్తాద్ కొంచెంసేపు గూటి వైపు చూశాడు. తర్వాత సున్నం కలపమని కూలీకి చెప్పాడు. గొట్టం పట్టింది నేను, సున్నం పూసింది ఆయన. అంత కోపంలోనూ అంచు నున్నగా తీశాడు.

నా వంతుగా ఇంకో తెలివి చూపించాను. ఫ్యానుకు వేరే బటన్ పెట్టకుండా లైటు బటన్‌కే కలిపాను. దొర లోపలికి పోయి దీపం వేస్తే చాలు, ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది.

ఆ సందు సంగతి మాకు తర్వాత తెలిసింది. ఒకప్పుడు అది మేడమీదికే పోయేది. ఎవరో దొరసాని కాలంలో, తహఖానా చల్లగాలి భోంచేసేటప్పుడు తగలాలని, మధ్యలో భోజనాల గది వైపు ఒక మూతి తెరిచారు. తర్వాత మేడకు గచ్చు వేసినప్పుడు పైమూతి మూసేశారు, బురుజులు ఊరికే మిగిలాయి. ఆ తర్వాత ఎవరో ఆ మధ్యమూతికి అడ్డంగా పింగాణీ సామాన్ల బీరువా పెట్టారు. అది వెనక చెక్కలేని బీరువా. అంటే కింద ఏం వదిలినా నేరుగా పింగాణీ పళ్ళేల వెనక తేలుతుంది.

దొర వచ్చిన రోజు మధ్యాహ్నం విందు. చెరుకు పండించే ఊళ్ళ పెద్దరైతులను పిలిచారు. వేల్పూరు నుంచి పెద్ద రుమాలు చుట్టిన ఒక ముసలాయన, నందిపేట నుంచి ఇద్దరు అన్నదమ్ములు, ఇంకా అయిదారుగురు. దొర దారిలో రెండు మూడు ఊళ్ళలో ఆగాడు. ఆగిన ప్రతిచోటా చెరుకురసం, బూరెలు, గారెలు పెట్టారు. వద్దంటే రైతులు నొచ్చుకుంటారని అన్నిచోట్లా తిన్నాడు. కారు దిగుతూనే ఎవరివంకా చూడకుండా, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, పద్నాలుగు మెట్లూ గబగబా దిగిపోయాడు.

పైన అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. దొర ఆలస్యమయ్యేలా ఉంది, మొదలుపెట్టమని ఇంజనీరుగారే అన్నారు. వంటాయన పప్పు వడ్డిస్తున్నాడు. నేను వాకిలి దగ్గర నిలబడి, ఫ్యాను తిరిగిన చప్పుడు వినపడుతుందేమోనని చెవి ఒగ్గాను.

వినపడింది. కింద నుంచి కాదు, బీరువాలో నుంచి. మొదట పళ్ళేలు గలగలమన్నాయి. తర్వాత పళ్ళేల సందుల్లోంచి ఏనాటిదో బూడిదరంగు దుమ్ము, దాంతోపాటు రెండు పావురం ఈకలు, తేలుకుంటూ వచ్చి నందిపేట పెద్దాయన పెరుగు మీద వాలాయి. ఆ తర్వాత బీరువా దగ్గింది. ఆ తర్వాత బీరువా ఇంకొన్ని చప్పుళ్ళు చేసింది. అవి నేను రాయను. తలా ఒక కడుపు ఉన్నవాళ్ళే కదా, అర్థం చేసుకోండి.

అప్పుడు దొర గొంతు పింగాణీ పళ్ళేల మధ్యనుంచి స్పష్టంగా పలికింది. “ఎవరక్కడ? కుళాయిలో నీళ్ళు రావట్లేదు.”

వంటాయన పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాడు. దొర పిలిస్తే పలకడం అలవాటు. గరిటె చేతిలో పట్టుకొని బీరువాకు ఎదురుగా నిలబడి, “వస్తున్న సార్, పప్పు వడ్డిచ్చి వస్తున్న” అన్నాడు.

వేల్పూరు పెద్దమనిషి మెల్లగా ఇంజనీరుగారి వైపు వంగి, దొర బీరువల దిగిండా సారూ అని అడిగాడు. ఎవరైనా నవ్వేలోపలే అసలుది వచ్చేసింది. ఫ్యాను మంచి కంపెనీది, పని బాగా చేసింది. ఆ పెద్దమనిషి రుమాలు కొస ముక్కుకు అడ్డం పెట్టుకొని, చాలా మర్యాదగా అన్నాడు.

“మా తాన పసుపు ఉడ్కవెట్టినప్పుడు గూడ గింత ఘాటుండదు సారూ.”

నందిపేట అన్నదమ్ములు చేతులు కడుక్కోవడానికి లేచి మళ్ళీ రాలేదు. ఒకరి వెనక ఒకరు అందరూ వరండాలోకి నడిచారు. కొంచెంసేపటికి దొర, వంటాయన దించిన బిందె నీళ్ళతో ముఖం కడుక్కొని, తేలికపడ్డ మనిషి నవ్వుతో పైకి వచ్చి, ఖాళీ కుర్చీలను చూసి, అప్పుడే అయిపోయిందా, భోజనం ఎలా ఉంది అని అడిగాడు. సంగతి ఎవరు చెప్పారో గానీ, పావుగంటలో ఆయన కారు నిజామాబాదు వైపు పోయింది. ఆ ఏడు మరి రాలేదు.

ఇంతవరకూ మీరు విన్న కథే. క్యాంటీన్లో నేను ఇక్కడితో ఆపేవాణ్ణి.

మూడు గంటలకు ఇంజనీరుగారు మా ఇద్దరినీ తన గదికి పిలిపించారు. ముఖం కందగడ్డలా ఉంది. “నాకు కథలొద్దయ్యా. ఆ కన్నంలో గొట్టం పెట్టింది ఎవరి పని?”

నేను అన్నాను, “గోడ పని సివిల్ వాళ్ళదండి.”

ఈ మాటను పదిహేడేళ్ళలో ఎన్నో సార్లు తిప్పి చూసుకున్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. గోడ పని సివిల్ వాళ్ళదే. అంత నిజమైన మాటతో అంత అన్యాయం చెయ్యొచ్చని నాకు సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు నేర్పలేదు. నేను సొంతంగా కనిపెట్టాను.

ఉస్తాద్ వైపు చూశారు ఇంజనీరుగారు.

“చెయ్యి నాదే సాబ్” అన్నాడు ఉస్తాద్.

మేస్త్రీల ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. నాకది అప్పటికే తెలుసు, ఆయనే ఓసారి చెప్పాడు. గోడ కూలినా, నెర్రె ఇచ్చినా, దాని మీద చెయ్యి పెట్టిన మేస్త్రీ మొదట ‘చెయ్యి నాదే’ అనాలి. ఎవరి మాట మీద పెట్టాడన్నది రెండో మాట. ఆ రెండో మాటను ఆయన చెప్పకూడదు, చెప్పించినవాడే చెప్పాలి. అలా చెప్పకుండా పోయిన ఇంటియజమాని గడపను ఆ చుట్టుపక్కల మేస్త్రీలు మళ్ళీ తొక్కరు. ఉస్తాద్ తన మాట చెప్పి నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. అందులో ఒక ఎద్దులబండి బొమ్మ ఉంది.

రెండో మాట రాలేదు. వచ్చే సీజనుకు రానక్కర్లేదయ్యా అన్నారు ఇంజనీరుగారు.

బయటికి వచ్చాక ఆఫీసు మెట్ల దగ్గర ఉస్తాద్ ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

“నా మాట నేను జెప్పిన పటేల్. నీది మిగిలింది. లోపలికి వోయి చెప్పు. నేను ఈడ్నే కూసుంట.”

సారు కోపం మీద ఉన్నడు, జర సల్లబడనియ్యి, చెప్త అన్నాను. సరె అని ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా సైకిలు స్టాండు. అందులో నా సైకిలు.

నేను లోపలికి పోయాను. ఇంజనీరుగారి గది వాకిలి దాకా పోయాను. తలుపు తెరిచే ఉంది, ఆయన ఫైలు చూసుకుంటున్నారు. ఆ నెలలోనే సూపర్వైజరు పోస్టుకు నా పేరు పంపుతున్నారని నాకు తెలుసు. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత వెనకవైపు నడవాలోంచి, మొలాసిస్ ట్యాంకుల పక్కనుంచి, వెనక గేటు దాటి ఇంటికి పోయాను. సైకిలు తీసుకోవాలంటే ఆయన ముందునుంచి పోవాలి. అందుకని దాన్ని అక్కడే వదిలి రెండు మైళ్ళు నడిచాను.

పొద్దున ఆఫీసు ప్యూను చెప్పాడు. ఉస్తాద్ ఆఫీసు మూసేదాకా కూర్చున్నాడట. పొమ్మంటే, పటేల్ లోపలనే ఉన్నడు, సైకిల్ ఉంది గద అన్నాడట. ప్యూను గదులన్నీ తెరిచి చూపిస్తే అప్పుడు లేచి, సైకిలు వైపు ఒకసారి చూసి వెళ్ళాడట.

వారం తర్వాత ఇంకో మేస్త్రీ వచ్చి, వెనక గోడకు మోకాలి ఎత్తున, బొగ్గు గీత ఉన్నచోటే కన్నం కొట్టాడు. మూడు రోజులు పట్టింది. గొట్టం బయటికి వాలుగా, మూతికి రేకు టోపీ, తీగెల జాలి. ఈనాటికీ ఆ గదిలో వాసన ఉండదు. నేను సూపర్వైజరునయ్యాను. క్యాంటీన్లో ఎవరో ఆ రోజు సంగతి అడిగితే చెప్పాను. నవ్వారు. రెండోసారి చెప్పినప్పుడు ఇంకొంచెం కలిపాను. మూడోసారికి మేస్త్రీ మొండివాడైపోయాడు, నేను వద్దు వద్దని చెబుతున్నవాణ్ణయ్యాను. కథకు అది బాగా కుదిరింది.

ఉస్తాద్ నిజామాబాదుకు మకాం మార్చాడని విన్నాను. అక్కడ గంజ్ బజారులో దుకాణం కట్టించుకుంటున్న ఒక మరాఠీ సేఠు, పని ఇచ్చేముందు, పాయఖానాను బీరువాలో పెట్టిన మేస్త్రీవి నువ్వేనా అని అడిగాడట. లారీ డ్రైవరొకడు ఆ మాట మోసుకొచ్చి చెప్పినప్పుడు నా కథ అంత దూరం పోయిందని సంబరపడ్డాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తున్నాను.

మొన్న ఉద్యోగం వదిలేశాను. యాభై నిండలేదు గానీ పిప్పి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మెట్లెక్కితే దమ్ము. ఆ మాట డాక్టరు నోట విన్నప్పుడు ఎవరు గుర్తొచ్చారో చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీవాళ్ళు వీడ్కోలు సభను గెస్ట్ హౌస్ భోజనాల గదిలోనే పెట్టారు. ఇక దాచకూడదని నిశ్చయించుకొని పోయాను. మాట్లాడమన్నప్పుడు చెప్పాను. గూడు చూసింది నేను, పొగ పరీక్ష నాది, మేస్త్రీ దారం వదులుదామన్నాడు, నేను వినలేదు. వాచ్‌మన్ మాటల దగ్గర గది గది అంతా నవ్వింది. అలవాటు పడ్డ నోరు కదా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. చివర్న, తప్పు నాదే అన్నాను.

చప్పట్లు మోగాయి. కొత్త మేనేజరు లేచి, ఎక్కడో ఉన్న ఒక మామూలు మేస్త్రీ తప్పును కూడా తన మీద వేసుకున్న ఈ పెద్దమనసు చూసి యువకులు నేర్చుకోవాలన్నాడు. శాలువా కప్పారు.

మరుసటి వారం నిజామాబాదు పోయి ఉస్తాద్‌ను వెతికి పట్టుకున్నాను. రైలుపట్టాల అవతల ఒక కొత్త ఇల్లు లేస్తోంది. ఆయన ఇసుక కుప్ప పక్కన స్టూలు మీద కూర్చొని, పైన పూత వేస్తున్నవాణ్ణి తిడుతున్నాడు. డెబ్భై దాటాయి. చూపు తగ్గింది, నాలుక తగ్గలేదు. నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. భార్య బాగుందా అని అడిగాను. ఉంది, ఇప్పుడు అల్లుడు రైల్వేల పని చేస్తడు, ఆ దవాఖాన ఉంది అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన ఊరటను చూసి నాకే సిగ్గేసింది.

సభలో చెప్పిందంతా చెప్పాను. శాలువా సంగతి కూడా దాచలేదు.

“అంటె తప్పు నాకు వోయింది, సప్పట్లు గూడ నీకే వచ్చినయి.”

“నేను నిజమే చెప్పిన ఉస్తాద్. వాళ్ళు గట్ల అనుకున్నరు.”

“పొక్క సంగతి జెప్పినవు. పొక్క ఎవ్వరన్న తప్పు వెడ్తరు. నేను గూడ నా బతుకుల నాలుగు వెట్టిన. సైకిల్ సంగతి జెప్పినవా?”

లేదు అన్నాను.

“గా సంగతి జెప్తె సప్పట్లు కొట్టకపోదురు” అన్నాడు. తర్వాత పైనున్నవాడి వైపు తిరిగి, ఆ మూల ఎండిపోతోందని, నీళ్ళు చల్లమని కేకేశాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి మళ్ళీ అన్నాడు.

“నోటితోటి చెప్పకు పటేల్. నీ నోరు మంచిగుండదు, నవ్విపిస్తది. రాసియ్యి. నాకు తెలుగు సదువరాదు, అల్లునితోటి సదివిచ్చుకుంట. తక్కువ రాస్తె నాకు ఎర్కైతది.”

రాశాను. అల్లుడితో చదివించుకొని, తక్కువ లేదు, పక్షుల ఈకలు ఒకటో రెండో ఎక్కువ రాసినవు అన్నాడట. ఈకలు రెండేనని నా జ్ఞాపకం. మిగతాదంతా ఆయన ఒప్పుకున్న ప్రకారమే ఇక్కడ ఉంది. సెక్షన్లో కొత్తగా చేరినవాళ్ళకు ఆ మూడో సంగతి చెప్పేటప్పుడు ఇకనుంచి భోజనాల గది దగ్గర ఆపకండి. మేస్త్రీ మెట్ల మీద కూర్చొని, స్టాండులో ఉన్న సైకిలును చూసి, దాని మనిషి లోపలే ఉన్నాడని నమ్మిన దాకా చెప్పండి.